లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ (అక్టోబరు 11, 1881 - సెప్టెంబరు 30, 1953) ఇంగ్లండుకు చెందిన గణిత, భౌతిక, వాతావరణ శాస్త్రవేత్త, శాంతివాది. భూమిని ఆవరించిన వాయుమండలాన్ని గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలోని పీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగాలను సంఖ్యలుగా వ్రాసుకొని, ఆ సంఖ్యలపై లెక్కలు కట్టి రాబోయే వాతావరణాన్ని తెలుసుకొనే పద్ధతిని మొట్టమొదట ఆచరణలో పెట్టి చూసినవాడు ఇతడే. ఆయన కట్టిన తొలి లెక్క పూర్తిగా తప్పింది. అయినా దానిని దాచిపెట్టక, ప్రతి అంకెతో సహా 1922లో పుస్తకంగా ప్రకటించాడు. ఆయన మరణానంతరం ప్రపంచంలోని వాతావరణ సంస్థలన్నీ అనుసరించిన మార్గం ఆ పుస్తకంలో ఉన్నదే. యుద్ధాలకు గల కారణాలను గణిత దృష్టితో పరిశీలించిన తొలి వ్యక్తులలో కూడా రిచర్డ్‌సన్ ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాజిల్ అపాన్ టైన్ నగరంలో జన్మించాడు. తండ్రి డేవిడ్ రిచర్డ్‌సన్ తోళ్ళు పదును చేసే పరిశ్రమ నడిపేవాడు. తల్లి పేరు కేథరీన్ ఫ్రై. ఏడుగురు సంతానంలో ఇతడు చివరివాడు. వీరిది క్వేకర్ కుటుంబం. క్వేకర్లు క్రైస్తవంలో ఒక శాఖవారు. ఎట్టి పరిస్థితిలోనూ ఆయుధం పట్టరాదన్నది వారి ముఖ్య నియమాలలో ఒకటి. ఈ నియమం రిచర్డ్‌సన్ జీవితంలోని పెద్ద మలుపులన్నింటికీ కారణమైంది.

యార్క్ నగరంలోని బూతమ్ పాఠశాలలో చదివిన తరువాత, 1898 నుండి రెండేళ్ళపాటు న్యూకాజిల్ లోని డర్హమ్ సైన్సు కళాశాలలో గణితం, భౌతిక, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాలను అభ్యసించాడు. 1900లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1903లో ప్రథమ శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు. ఎలక్ట్రానును కనుగొన్న జె.జె.థామ్సన్ అక్కడ ఆయనకు బోధించిన వారిలో ఒకరు.

తొలి ఉద్యోగాలు, పరిమిత భేదాల పద్ధతి

చదువు ముగిశాక పదేళ్ళపాటు రిచర్డ్‌సన్ ఒకచోట స్థిరపడలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో రెండు పర్యాయాలు, వేల్సులోని అబరిస్ట్‌విత్ కళాశాలలో కొంతకాలం పనిచేశాడు. 1906-07లో పీట్ పరిశ్రమలో రసాయన శాస్త్రవేత్తగా ఉన్నాడు. పీట్ అనేది చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్ళి ఏర్పడే మట్టి. దానిని ఎండబెట్టి వంటచెరకుగా వాడతారు. వాననీరు సరైన మేరకు మాత్రమే నిలిచేటట్లు ఆ నేలలో కాలువలు ఎలా త్రవ్వాలన్నది ఆయనకు ఎదురైన సమస్య. నేలలో నీటి కదలికను చెప్పే అవకలన సమీకరణం అప్పటికే తెలిసినదే. కాని నేల హద్దులు వంకరటింకరగా ఉన్నప్పుడు ఆ సమీకరణానికి సూత్రరూపంలో సమాధానం దొరకదు.

అందుకని రిచర్డ్‌సన్ ఆ ప్రదేశాన్ని చిన్న చిన్న చదరాలుగా విభజించాడు. నిరంతరంగా మారే రాశికి బదులు చదరాల కూడళ్ళ వద్ద విలువలను మాత్రమే తీసుకున్నాడు. ప్రక్కప్రక్కనున్న విలువల తేడాలతో సమీకరణాన్ని మామూలు కూడికలు, తీసివేతలు, గుణకారాలుగా మార్చివేశాడు. దీనినే పరిమిత భేదాల పద్ధతి అంటారు. ఈ పద్ధతితో రాతి ఆనకట్టలో కలిగే ఒత్తిడులను లెక్కగట్టి 1910లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. సూత్రం తెలియకపోయినా ఓపిక ఉంటే సమాధానం రాబట్టవచ్చునన్నది ఈ పద్ధతిలోని సారాంశం.

1909లో డొరతీ గార్నెట్ ను వివాహమాడాడు. ఆమె తండ్రి విలియం గార్నెట్ కేవెండిష్ ప్రయోగశాలలో మాక్స్‌వెల్ వద్ద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. ఈ దంపతులకు సంతానం కలుగలేదు. తరువాతి కాలంలో ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను దత్తత తీసుకున్నారు.

ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనశాల

1913లో రిచర్డ్‌సన్ బ్రిటిష్ వాతావరణ శాఖలో చేరి, స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనశాలకు అధికారిగా వెళ్ళాడు. అది జనసంచారం తక్కువగా ఉండే కొండ ప్రాంతం. ఆ కాలంలో వాతావరణ సూచన చెప్పేవారు నాటి పటాన్ని పాత పటాలతో పోల్చి, ఇంతకుముందు ఇటువంటి స్థితి తరువాత ఏమి జరిగిందో చూసి, అదే మళ్ళీ జరుగుతుందని చెప్పేవారు. ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహణాలను ఈ విధంగా చెప్పరు, సమీకరణాలతో గణించి చెబుతారు. వాతావరణాన్ని కూడా అలాగే గణించవచ్చునని నార్వే శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లోనే ప్రతిపాదించాడు. అయితే ఆయన బృందం ఎక్కువగా రేఖాచిత్రాలపై ఆధారపడింది. ఆనకట్టకు వాడిన పరిమిత భేదాల పద్ధతిని వాయుమండలానికి వర్తింపజేయడం రిచర్డ్‌సన్ చేసిన పని.

దీనికి ఆయన వేసుకున్న గళ్ళ అమరిక ఈ విధంగా ఉంటుంది.

* నేలపై గడి పొడవు ఉత్తర దక్షిణాలుగా 200 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 3 డిగ్రీల రేఖాంశం.
* నిలువుగా వాయుమండలం 5 పొరలు. వాటి సరిహద్దులు సుమారు 2, 4.2, 7.2, 11.8 కిలోమీటర్ల ఎత్తులలో ఉంటాయి.
* పటం చదరంగపు బల్ల వలె ఉంటుంది. ఒక రంగు గళ్ళలో పీడనం, ఉష్ణోగ్రత, తేమ, మరో రంగు గళ్ళలో గాలి కదలిక నమోదవుతాయి.
* కాలంలో ఒక్కో అడుగు 3 గంటలు.

ఏ గడిలోనైనా తెలుసుకోవలసిన రాశులు ఏడు: పీడనం, ఉష్ణోగ్రత, సాంద్రత, తేమ, గాలి వేగంలోని మూడు అంశాలు. ప్రక్క గళ్ళ విలువల నుండి ఈ గడిలో కలిగే మార్పును లెక్కగట్టి పాత విలువకు కలిపితే కొత్త విలువ వస్తుంది. ఇదే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తూ పోవాలి.

యుద్ధరంగంలో లెక్క

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. 1916లో బ్రిటన్ నిర్బంధ సైనిక సేవను ప్రవేశపెట్టింది. రిచర్డ్‌సన్ తన మతనియమం ప్రకారం ఆయుధం పట్టడానికి నిరాకరించాడు. అయితే యుద్ధానికి దూరంగా ఉండిపోవడం కూడా ఆయనకు ఇష్టం లేకపోయింది. 1916లో వాతావరణ శాఖ ఉద్యోగాన్ని వదలి, క్వేకర్లు స్థాపించిన ఫ్రెండ్స్ అంబులెన్స్ యూనిట్ లో చేరి ఫ్రాన్సు వెళ్ళాడు. ఫ్రెంచి పదాతిదళం వెంట ఉండే 13వ అంబులెన్సు బృందంలో క్షతగాత్రులను మోసుకువచ్చే మోటారు వాహనాన్ని యుద్ధం ముగిసేవరకు నడిపాడు.

బండి నడపవలసిన పని లేని వేళలలో, చలికి గడ్డకట్టే విడిది గదిలో ఎండుగడ్డి కుప్పపై కూర్చుని ఆయన ఈ లెక్కలు చేశాడు. చేతిలో ఉన్న సాధనాలు పది అంగుళాల స్లయిడ్ రూలు, సంవర్గమాన పట్టికలు. లెక్కకు తీసుకున్న రోజు 1910 మే 20. ఆనాడు ఐరోపాలో అనేక చోట్ల బెలూనులు ఎగురవేసి పై పొరల గాలిని కొలిచారు. ఆ కొలతల పటాలను బ్యెర్క్‌నెస్ బృందం లైప్‌జిగ్ నగరంలో ప్రచురించి ఉండడంతో లెక్క ప్రారంభించడానికి కావలసిన విలువలు ఆయనకు దొరికాయి. ఉదయం 7 గంటల నాటి స్థితిని ఆధారం చేసుకొని, 4 గంటల నుండి 10 గంటల వరకు గల 6 గంటల కాలంలో మధ్య ఐరోపాలోని రెండు గళ్ళలో కలిగే మార్పును గణించాడు. పీడనం గణించిన గడి మ్యూనిక్ నగర ప్రాంతానిది. లెక్కల పత్రాలు తయారుచేసుకొని, ఈ రెండు గళ్ళ లెక్క పూర్తి చేయడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది.

1917 ఏప్రిల్ లో షాంపేన్ యుద్ధం జరుగుతున్నప్పుడు వ్రాతప్రతిని భద్రత కోసం వెనుకకు పంపగా అది దారిలో కనిపించకుండా పోయింది. కొన్ని నెలల తరువాత బెల్జియంలో ఒక బొగ్గు కుప్ప క్రింద దొరికింది.

లెక్క ఎందుకు తప్పింది

ఆరు గంటలలో భూతలం వద్ద పీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరుగుతుందని రిచర్డ్‌సన్ లెక్క తేల్చింది. నిజానికి ఆ రోజు అక్కడ పీడనంలో చెప్పుకోదగిన మార్పే లేదు. సముద్రమట్టం వద్ద సగటు పీడనం సుమారు 1013 హెక్టోపాస్కల్స్. ఆరు గంటలలో 145 పెరగడం ప్రకృతిలో జరగని పని.

దీనికి కారణాన్ని ఈ విధంగా అర్థం చేసుకోవచ్చు. ఒక ప్రదేశంపై పీడనం అంటే దానిపైనున్న గాలి బరువు. గడిలోకి ఒకవైపు నుండి ఎంతో గాలి వస్తుంది, మరొకవైపు నుండి దాదాపు అంతే గాలి పోతుంది. పీడనంలో మార్పు ఈ రెండు పెద్ద సంఖ్యల మధ్యనున్న చిన్న తేడా. గాలి వేగాల కొలతలో కొద్దిపాటి పొరపాటున్నా ఆ తేడా ఎన్నో రెట్లు తప్పుతుంది. సహజ వాయుమండలంలో గాలి, పీడనం పరస్పరం దాదాపు తూగి ఉంటాయి. అక్కడక్కడ ఎగురవేసిన బెలూనుల నుండి తీసిన విలువలలో ఆ తూకం లేదు. తూకం తప్పినప్పుడు సమీకరణాలలో వేగంగా సాగే గురుత్వ తరంగాలు పుట్టి అసలు వాతావరణాన్ని కప్పివేస్తాయి. దోషం తొలి గాలి విలువలలో ఉన్నదని రిచర్డ్‌సన్ స్వయంగా గుర్తించి పుస్తకంలో వ్రాశాడు.

అప్పటికి ఎవరికీ తెలియని మరొక చిక్కు కూడా ఉంది. 1928లో కూరాంట్, ఫ్రెడరిక్స్, లేవీ అనే ముగ్గురు గణితజ్ఞులు, ఒక్క కాలపు అడుగులో తరంగం ఒక గడి పొడవును మించి ప్రయాణించరాదని నిరూపించారు. గురుత్వ తరంగాలలో వేగవంతమైనవి సెకనుకు సుమారు 300 మీటర్లు పోతాయి. మూడు గంటలలో అవి 3,000 కిలోమీటర్లు దాటిపోతాయి. 200 కిలోమీటర్ల గడికి కాలపు అడుగు సుమారు పది నిమిషాలకు మించరాదు. రిచర్డ్‌సన్ లెక్కను మరికొన్ని అడుగులు ముందుకు సాగించి ఉంటే అది ఈ కారణం చేత కూడా చెడిపోయి ఉండేది.

ఊహాలోకపు లెక్కల శాల

1922లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆయన పుస్తకాన్ని ప్రచురించింది. అందులో లెక్క మొత్తం 23 పత్రాలుగా ఉంది. ఏ గడికి, ఏ పొరకు, ఏ ప్రమాణంలో, ఏ అంకె నుండి ఏ అంకె వచ్చిందో వరుసగా చూపే పట్టికలవి. ఇతరులు కూడా లెక్క కట్టి చూడడానికి వీలుగా ఖాళీ పత్రాలను విడిగా అచ్చువేయించారు.

పుస్తకంలో ఒకచోట రిచర్డ్‌సన్ ఒక కల్పనను వర్ణించాడు. నాటకశాల వంటి బ్రహ్మాండమైన గుండ్రని భవనం లోపలి గోడలపై భూగోళ పటం చిత్రించి ఉంటుంది. లెక్కలు కట్టే మనుషులు ఎవరి ప్రాంతం వద్ద వారు కూర్చుంటారు. నడుమ ఎత్తైన స్తంభంపై నిలిచిన అధికారి, ముందుకు పోతున్నవారిపై గులాబీ రంగు కాంతిని, వెనుకబడినవారిపై నీలి కాంతిని ప్రసరింపజేసి అందరినీ ఒకే వేగంతో నడిపిస్తాడు. వాతావరణంతో సమానంగా పరుగెత్తాలంటే 64,000 మంది కావాలని ఆయన అంచనా. భూగోళానికి 3,200 నిలువు గళ్ళు వస్తాయి. ఉష్ణమండలంలో వాతావరణం చాలావరకు ముందే తెలిసి ఉంటుందనుకొని ఆ సంఖ్యను 2,000కు తగ్గించి, ఒక్కొక్క దానికి 32 మందిని లెక్కించాడు. తుఫానులకు నెలవైన బంగాళాఖాతపు తీరం విషయంలో ఈ అభిప్రాయం చెల్లదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన ఇందుకు నిదర్శనం.

వాతావరణ శాఖ నుండి నిష్క్రమణ

యుద్ధం ముగిశాక 1919లో రిచర్డ్‌సన్ మళ్ళీ వాతావరణ శాఖలో చేరి బెన్సన్ అనే చోట పనిచేశాడు. ఇంతలో ఆ శాఖ, వాయుసేనను కూడా చూసే విమానయాన మంత్రిత్వ శాఖ క్రిందికి వెళ్ళింది. సైన్యంతో సంబంధమున్న సంస్థలో పనిచేయడానికి మనస్సు అంగీకరించక 1920లో రాజీనామా చేశాడు. అప్పటినుండి 1929 వరకు లండనులోని వెస్ట్‌మినిస్టర్ శిక్షణ కళాశాలలో భౌతిక శాస్త్ర విభాగాధిపతిగా, 1929 నుండి 1940 వరకు స్కాట్లండులోని పైస్లీ సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాడు.

గాలిలోని సుడుల పరిశోధనను మాత్రం కొంతకాలం కొనసాగించాడు. పెద్ద సుడులు చిన్న సుడులకు, అవి ఇంకా చిన్నవాటికి తమ శక్తిని అందిస్తూ పోతాయని చెప్పాడు. గాలి ప్రశాంతంగా ఉంటుందా, సంక్షుబ్ధమవుతుందా అని సూచించే నిష్పత్తిని నేడు రిచర్డ్‌సన్ సంఖ్య అంటారు. 1926లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. గాలిలో పదార్థాలు వ్యాపించే తీరుపై తాను చేసిన పరిశోధన విషవాయువుల నిపుణులకు ఆసక్తి కలిగించిందని తెలిసి, ఆ పనిని విరమించి ప్రచురించని కాగితాలను ఆయన ధ్వంసం చేశాడని భార్య డొరతీ తరువాత తెలియజేసింది.

యుద్ధ కారణాలు, సరిహద్దుల పొడవులు

ఆ తరువాత ఆయన మనస్తత్వ శాస్త్రం చదివి 1929లో అందులో పట్టం పొందాడు. మిగిలిన జీవితాన్ని ఎక్కువగా యుద్ధ కారణాల అధ్యయనానికి వినియోగించాడు. ఒక దేశం ఆయుధాలు పెంచితే పొరుగు దేశం పెంచడాన్ని అవకలన సమీకరణాలతో సూచించాడు. సుమారు 1820 నుండి జరిగిన యుద్ధాలను, హత్యాకాండలను సేకరించి, మృతుల సంఖ్య సంవర్గమానాన్ని బట్టి వర్గీకరించాడు. ఈ పని కోసం 1940లో ఉద్యోగం నుండి ముందుగానే విరమించాడు.

దేశాల సరిహద్దు పొడవుకు, యుద్ధాలకు సంబంధం ఉందేమోనని చూస్తుండగా ఒక వింత ఆయన కంటబడింది. స్పెయిన్, పోర్చుగల్ దేశాల ఉమ్మడి సరిహద్దు ఒక లెక్కలో 987, మరొక లెక్కలో 1,214 కిలోమీటర్లుగా ఉంది. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ వంకరలన్నీ లెక్కలోకి వచ్చి పొడవు పెరుగుతుందని ఆయన గ్రహించాడు. 1961లో వెలువడిన ఈ పరిశీలనను ఆధారం చేసుకొని బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరరేఖపై వ్యాసం వ్రాశాడు. ఫ్రాక్టల్ జ్యామితికి అది పునాదులలో ఒకటి.

కల ఫలించడం

1950లో అమెరికాలో జూల్ చార్నీ, రాగ్నర్ ఫ్యోర్టాఫ్ట్, జాన్ ఫాన్ నాయ్‌మన్ కలిసి ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరుపై వాతావరణాన్ని లెక్కగట్టారు. గురుత్వ తరంగాలకు చోటులేని సరళ సమీకరణాలను తీసుకొన్నందువల్ల రిచర్డ్‌సన్ కు ఎదురైన చిక్కు వారికి రాలేదు. 24 గంటల సూచనకు సుమారు 24 గంటలే పట్టింది. చార్నీ ఈ ఫలితాలను రిచర్డ్‌సన్ కు పంపాడు. ఆయన పటాలను భార్యకు చూపి, లెక్కించిన పటం వాస్తవానికి ఎంత దగ్గరగా ఉందో నిర్ణయించమన్నాడు. తన ఒక్కగానొక్క తప్పు ఫలితంతో పోలిస్తే ఇది గొప్ప ముందడుగని అభినందిస్తూ జవాబు వ్రాశాడు.

రిచర్డ్‌సన్ 1953 సెప్టెంబరు 30న స్కాట్లండులోని కిల్‌మన్ గ్రామంలో తన ఇంట నిద్రలోనే మరణించాడు. మరుసటి సంవత్సరం, అనగా 1954లో, స్వీడన్ కంప్యూటరు ద్వారా సూచనలు ఇవ్వడం ప్రారంభించింది. అమెరికా 1955లో, ఆయన వదలివచ్చిన బ్రిటిష్ వాతావరణ శాఖ 1965లో అదే మార్గం పట్టాయి. భారతదేశంలో ఈ పనికి 1988లో జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం ఏర్పడింది.

ఐర్లండు శాస్త్రవేత్త పీటర్ లించ్ లైప్‌జిగ్ పటాల నుండి మరిన్ని గళ్ళకు విలువలు తీసి, రిచర్డ్‌సన్ పద్ధతిని కంప్యూటరుపై తిరిగి నడిపించాడు. మొదట అదే 145 వచ్చింది. అంటే రిచర్డ్‌సన్ పద్ధతిని అనుసరించిన తీరులో పొరపాటు లేదు. తొలి విలువలలోని అసమతుల్యతను వడగట్టి మళ్ళీ గణించగా, వాస్తవానికి దగ్గరైన ఫలితం వచ్చింది. లించ్ ఈ పరిశోధనను 2006లో పుస్తకంగా వెలువరించాడు. రిచర్డ్‌సన్ తన అంకెలన్నింటినీ ప్రకటించినందువల్లనే దశాబ్దాల తరువాత ఈ పరీక్ష సాధ్యమైంది.

నేటి గళ్ళ ఫైళ్ళు

రిచర్డ్‌సన్ పత్రాల స్థానంలో నేడు కంప్యూటరు ఫైళ్ళు ఉన్నాయి. సూచన సంస్థలు ఫలితాలను ఎక్కువగా గ్రిబ్, నెట్‌సీడీఎఫ్ అనే రూపాలలో అందిస్తాయి. కాలం, ఎత్తు, అక్షాంశం, రేఖాంశం అనే నాలుగు కొలతల పట్టికగా వీటిని భావించవచ్చు. గ్రిబ్ ఫైలులో స్థలం ఆదా చేయడానికి విలువలను ఒక ఆధార సంఖ్య, ఒక గుణకం సహాయంతో చిన్న పూర్ణాంకాలుగా భద్రపరుస్తారు. చదివే ప్రోగ్రాము వాటిని మళ్ళీ అసలు విలువలుగా మారుస్తుంది.

పావు డిగ్రీ ఎడంగల భూగోళపు ఫైలులో 721 అక్షాంశ వరుసలు, వరుసకు 1,440 బిందువులు, మొత్తం 10,38,240 బిందువులు ఉంటాయి. విశాఖపట్నం సుమారు 17.7 ఉత్తర అక్షాంశం, 83.3 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. దాని చుట్టూ ఉండే నాలుగు బిందువులు 17.50, 17.75 అక్షాంశాల మీద, 83.25, 83.50 రేఖాంశాల మీద ఉంటాయి. నగరం విలువ కావాలంటే దూరాలను బట్టి ఈ నాలుగింటి సగటు తీయాలి. వరుసలు ఉత్తర ధ్రువం నుండి, రేఖాంశాలు సున్నా నుండి మొదలైతే, సున్నాతో ప్రారంభించి లెక్కించినప్పుడు 17.75 అక్షాంశం 289వ వరుస, 83.25 రేఖాంశం 333వ స్థానం అవుతాయి. ప్రోగ్రాములు వ్రాసే విద్యార్థులు సాధారణంగా పొరపాటు పడే అంశాలు ఇవి.

* వరుసలు కొన్ని ఫైళ్ళలో ఉత్తరం నుండి, కొన్నింటిలో దక్షిణం నుండి మొదలవుతాయి.
* రేఖాంశాలు కొన్నింటిలో 0 నుండి 360 వరకు, కొన్నింటిలో -180 నుండి 180 వరకు ఉంటాయి.
* ఉష్ణోగ్రత సాధారణంగా కెల్విన్లలో, పీడనం పాస్కల్స్ లో ఉంటుంది.
* వర్షపాతం తరచుగా సూచన మొదలైనప్పటి నుండి కూడిన మొత్తంగా ఉంటుంది. గంట గంటకు కావాలంటే ముందరి విలువను తీసివేయాలి.
* కాలం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది.
* గడి విలువ ఆ గడి అంతటికీ ప్రాతినిధ్యం వహిస్తుంది. సముద్రతీరంలో ఒకే గడిలో నేల, నీరు రెండూ ఉండవచ్చు.

ప్రతి అంకెకు దాని చోటు, ఎత్తు, ప్రమాణం ప్రక్కనే వ్రాసి ఉంచాలన్న క్రమశిక్షణ రిచర్డ్‌సన్ పత్రాలలోనే కనిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటుతుందని కొన్ని రోజుల ముందే చెప్పగలగడంలో ఇటువంటి గళ్ళ లెక్కలది ముఖ్యపాత్ర.

రచనలు

* వెదర్ ప్రిడిక్షన్ బై న్యూమరికల్ ప్రాసెస్ (1922)
* ఆర్మ్స్ అండ్ ఇన్‌సెక్యూరిటీ (మరణానంతరం, 1960)
* స్టాటిస్టిక్స్ ఆఫ్ డెడ్లీ క్వారల్స్ (మరణానంతరం, 1960)

విశేషాలు

* 1912లో టైటానిక్ ఓడ మునిగిన కొద్ది రోజులకే, ధ్వని ప్రతిధ్వని ద్వారా మంచుకొండలను కనిపెట్టే పద్ధతికి రిచర్డ్‌సన్ పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు.
* ప్రసిద్ధ ఆంగ్ల నటుడు రాల్ఫ్ రిచర్డ్‌సన్ ఈయన అన్న కుమారుడు.
* లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలోని శాంతి అధ్యయన సంస్థకు ఈయన పేరు పెట్టారు.
* ఐరోపా భూవిజ్ఞాన సంఘం ఈయన పేరిట ఒక పతకాన్ని ప్రదానం చేస్తోంది.